తలుపు వేయడానికి, గోడ కట్టడానికి తేడా: మాస్టడాన్‌లో ఒక సర్వర్ మరో సర్వర్‌ను ఎలా ఆపుతుంది?

2019 చివర్లో సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విటర్ సస్పెండ్ చేసింది. గుంపంతా నాజీ సెల్యూట్ చేస్తుంటే చేతులు కట్టుకుని నిలబడ్డ ఒక జర్మన్ కార్మికుడి ఫొటోను ఆయన తన ప్రొఫైల్‌కు పెట్టుకున్నారు. దాన్ని ద్వేషపూరిత చిత్రంగా లెక్కేశారు. నాజీలను ధిక్కరించిన మనిషి బొమ్మకే ఆ గతి పట్టడంతో కోపమొచ్చి, ఆ నవంబరులో మన దేశం నుంచి చాలామంది ట్విటర్ లాంటిదే అయిన మాస్టడాన్‌లో ఖాతాలు తెరిచారు. వచ్చినవాళ్లు ముందుగా అడిగిన ప్రశ్న ఒకటే. ఇక్కడ ఎవరిని ఎవరు ఆపుతారు?

దానికి ఒక్క ముక్కలో జవాబు లేదు. మాస్టడాన్ అంటే ఒక కంపెనీ సైట్ కాదు. జర్మనీకి చెందిన యూజెన్ రోచ్కో 2016లో విడుదల చేసిన సాఫ్ట్‌వేర్ అది. దాన్ని ఎవరైనా తమ సర్వర్‌లో పెట్టుకుని నడపొచ్చు. ఇలాంటి వేల సర్వర్లు యాక్టివిటీపబ్ అనే ఉమ్మడి పద్ధతిలో ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. 2018 జనవరిలో, వెబ్ ప్రమాణాలు నిర్ణయించే సంస్థ డబ్ల్యూ3సీ దీన్ని ప్రమాణంగా ఆమోదించింది. మాస్టడాన్, లెమ్మీ, మిస్కీ, ప్లెరోమా లాంటి వేర్వేరు సాఫ్ట్‌వేర్లతో నడిచే సర్వర్లన్నీ కలిస్తే ఫెడివర్స్. ఇందులో ఎవరి సర్వర్‌కు వాళ్లే పెద్ద. పక్క సర్వర్‌లో ఉన్న మనిషి ఖాతాను మీ అడ్మిన్, అంటే మీ సర్వర్ నడిపే మనిషి, తీసేయలేడు. ఆ మనిషి మాటలు తన సర్వర్‌లోకి రాకుండా ఆపడం వరకే అతని చేతిలో ఉంటుంది. ఎంతవరకు ఆపాలి, ఎలా ఆపాలి అన్న దగ్గరే అసలు చిక్కంతా ఉంది.

ఇది అర్థం కావాలంటే ముందు ఒక సంగతి తెలియాలి. మీరు వేరే సర్వర్‌లో ఉన్న ఒకరిని ఫాలో అయ్యారనుకోండి. వాళ్లు పోస్ట్ పెట్టిన ప్రతిసారీ వాళ్ల సర్వర్ ఆ పోస్ట్‌ను మీ సర్వర్‌కు పంపుతుంది. మీ సర్వర్ దాన్ని తన డేటాబేస్‌లో దాచుకుంటుంది. ఫొటో ఉంటే దాని కాపీ కూడా తెచ్చి తన దగ్గర పెట్టుకుంటుంది. అంటే ఎక్కడో ఎవరో పెట్టిన బొమ్మ, మీ అడ్మిన్ నెలనెలా అద్దె కట్టే డిస్క్ మీద కూర్చుంటుంది. మంచి బొమ్మయితే బాధ లేదు. చట్టం ఒప్పుకోని బొమ్మయితే అది ఎవరి నెత్తిన పడుతుంది?

2017 ఏప్రిల్‌లో సరిగ్గా ఇదే జరిగింది. జపాన్‌లో చిత్రకారుల సైట్ పిక్సివ్, పావూ అనే మాస్టడాన్ సర్వర్ తెరిచింది. చూస్తుండగానే అది ఫెడివర్స్‌లోని అతి పెద్ద సర్వర్లలో ఒకటైంది. అక్కడ మామూలు బొమ్మలతో పాటు, పిల్లల్ని లైంగికంగా చూపించే కార్టూన్ బొమ్మలూ వచ్చేవి. జపాన్ చట్టం వాటిని అడ్డుకోదు. యూరప్‌లో, ఇంకా కొన్ని దేశాల్లో అవి నేరం కావొచ్చు. పావూ నడిపేవాళ్లు తమ చట్టం ప్రకారం తప్పేమీ చేయలేదు. కానీ ఆ బొమ్మల కాపీలు యూరప్ సర్వర్లలోకి వాటంతటవే చేరిపోతున్నాయి. పావూలో అలాంటి బొమ్మల జోలికి పోని మనుషులు ఎందరో ఉన్నారు, వాళ్లతో మాట్లాడుకునే స్నేహితులు యూరప్‌లో ఉన్నారు. అందరినీ కోసేయాలా? అక్కర్లేదు, బొమ్మల్ని మాత్రం ఆపి మాటల్ని రానిస్తే సరిపోతుంది. మాస్టడాన్‌లో ఇవాళ 'మీడియా తిరస్కరణ' అని కనిపించే ఆప్షన్ చేసే పని అదే. ఆ సర్వర్ నుంచి వచ్చే ఫొటోలు, వీడియోలు దిగవు, కాపీ కావు. రాత మాత్రం వస్తుంది.

బయట అందరూ 'బ్లాక్ చేశారు' అనే ఒకే మాట వాడతారు. దాని వెనక ఇలాంటి వేర్వేరు పనులు ఉన్నాయి. అందులో అన్నిటికంటే తక్కువ అర్థమైంది, నా లెక్కలో అన్నిటికంటే విలువైనది 'లిమిట్'. ఇదివరకు దీన్ని సైలెన్స్ అనేవారు. ఆ పేరు వింటే నోరు మూయించడం అనిపిస్తుంది గానీ, అది చేసే పని అంత కటువుగా ఉండదు.

మీ సర్వర్ ఒక సర్వర్‌ను లిమిట్ చేసిందనుకుందాం. అక్కడి పోస్టులు మీ సర్వర్ పబ్లిక్ టైమ్‌లైన్‌లో, అంటే అందరి పోస్టులూ వరసగా కనిపించే చోట, కనిపించవు. హ్యాష్‌ట్యాగ్ నొక్కినా రావు. అక్కడి అపరిచితుడు ఒకడు మీ పేరు ట్యాగ్ చేసి ఏదో అంటే, మీరు అతన్ని ఫాలో కావట్లేదు కాబట్టి ఆ నోటిఫికేషన్ మామూలుగా మీ కంటబడదు. అతను మిమ్మల్ని ఫాలో అవ్వాలంటే, మీ ఖాతా అందరికీ తెరిచి ఉన్నా సరే, మీ అనుమతి కోసం ఆగాల్సిందే. అతని ప్రొఫైల్ తెరిస్తే ముందు ఒక హెచ్చరిక వస్తుంది, మీ సర్వర్ మోడరేటర్లు (పోస్టుల మీద కన్నేసి ఉంచేవాళ్లు) దీన్ని దాచారు అని. కావాలంటే దాటుకుని లోపలికి వెళ్లొచ్చు.

మరి అదే సర్వర్‌లో మీ చిన్ననాటి స్నేహితురాలు ఉందనుకోండి. మీరు ఆమెను ఫాలో అవుతుంటే ఏమీ మారదు. ఆమె పోస్టులు మీ హోమ్‌లోకి ఎప్పటిలాగే వస్తాయి, ఆమె జవాబిస్తే నోటిఫికేషన్ వస్తుంది. ఇప్పటిదాకా ఫాలో కాకపోయినా పేరు పెట్టి వెతికితే దొరుకుతుంది, కొత్తగా ఫాలో కావొచ్చు. ముక్కూమొహం తెలియనివాళ్లు పిలవకుండా గుంపుగా మీదపడటాన్ని లిమిట్ ఆపుతుంది. తెలిసినవాళ్ల రాకపోకల్ని ఆపదు. వీధి తలుపు దగ్గరగా వేసి ఉంచడం లాంటిది ఇది. తెలిసినవాళ్లు నెట్టుకుని లోపలికొస్తారు, దారిన పోయేవాడు రాడు.

లిమిట్ మీద ఒక విమర్శ ఉంది, దాన్ని తీసిపారేయలేం. పొమ్మనలేక పొగబెట్టడమే కదా ఇది, అంటారు కొందరు. లిమిట్ అయిన సర్వర్‌లో ఉన్న మనిషికి ఆ సంగతి ఎవరూ చెప్పరు. తన పోస్టులకు స్పందన ఎందుకు తగ్గిందో ఆమెకు తెలియదు. నేనేమైనా తప్పుగా రాశానా అని లోలోపల కుమిలిపోతుంది. నిజమే. కానీ దీనికి మందు లిమిట్ మానేయడం కాదు, చేసిన సంగతి బయటపెట్టడం. అందుకు మాస్టడాన్‌లో ఏర్పాటు ఉంది. సర్వర్ గురించి చెప్పే పేజీలో, ఏయే సర్వర్లను లిమిట్ చేశారు, వేటిని సస్పెండ్ చేశారు, ఎందుకు చేశారు అన్న జాబితాను అందరికీ చూపించొచ్చు. లాగిన్ అయినవాళ్లకే చూపించొచ్చు, ఎవరికీ చూపించకపోవచ్చు కూడా. ఎంచుకునేది అడ్మినే. కారణం రాసే చోట ఖాళీగా వదిలేసిన జాబితాలు చూసినప్పుడు నాకు నిజంగా బాధేస్తుంది. ఒక్క వాక్యం రాస్తే పోయేదేముంది?

ఇక సస్పెండ్. దీన్నే జనం డిఫెడరేషన్ అంటారు. ఇది తలుపు కాదు, గోడ. సస్పెండ్ చేసిన సర్వర్ నుంచి ఏదీ రాదు. అప్పటిదాకా వచ్చి దాచి ఉన్న పోస్టులు, ఫొటోలు, ప్రొఫైళ్లు మీ సర్వర్ నుంచి చెరిగిపోతాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, రెండు వైపులా ఉన్న ఫాలో సంబంధాలన్నీ తెగిపోతాయి. మీరు అక్కడ ఫాలో అయ్యేవాళ్లు, అక్కడి నుంచి మిమ్మల్ని ఫాలో అయ్యేవాళ్లు, అందరూ. వారం తర్వాత అడ్మిన్ మనసు మార్చుకుని సస్పెన్షన్ ఎత్తేసినా ఆ సంబంధాలు వాటంతటవి తిరిగి అతుక్కోవు. ఎవరికి వాళ్లు వెతుక్కుని మళ్లీ ఫాలో కావాలి. లిమిట్‌కు, సస్పెండ్‌కు మధ్య నేను చూసే అసలైన తేడా ఇదే. లిమిట్ తప్పని తేలితే ఒక్క క్లిక్కుతో సరిదిద్దొచ్చు. సస్పెండ్ తప్పని తేలితే, దాని నష్టాన్ని ఏ క్లిక్కూ పూడ్చదు.

ఇంకా బాధాకరమైన విషయం, చాలాకాలం పాటు ఇలా తెగిన సంగతి మనిషికి తెలిసేదే కాదు. ఒకరోజు ఫాలోయర్ల సంఖ్య తగ్గి ఉండేది, అంతే. రోజూ పలకరించే మనిషి ఏమైందో, ఒంట్లో బాగాలేదో, కోపమొచ్చిందో అని ఎదురుచూసినవాళ్లు ఉన్నారు. 2024 అక్టోబరులో వచ్చిన 4.3 వెర్షన్‌తో ఇది మారింది. మోడరేషన్ నిర్ణయం వల్ల ఫలానా సర్వర్‌తో మీకున్న ఇంతమంది ఫాలోయర్లు, మీరు ఫాలో అవుతున్న ఇంతమంది పోయారు అని ఇప్పుడు నోటిఫికేషన్ వస్తుంది, పోయినవాళ్ల జాబితానూ దించుకోవచ్చు. చిన్న మార్పే. కానీ మనిషికి మనిషి విలువ తెలిసినవాళ్లు చేసిన మార్పు.

లిమిట్ లాంటి మధ్య మెట్టు లేకపోతే ఏమవుతుందో 2023 జూన్‌లో లెమ్మీలో కనిపించింది. లెమ్మీ రెడిట్ తరహాలో చర్చలు నడిపే సాఫ్ట్‌వేర్. బయటి యాప్‌లు రెడిట్‌తో మాట్లాడే దారికి, అంటే ఏపీఐకి, రెడిట్ ధర పెట్టడంతో కోపమొచ్చిన జనం ఒక్కసారిగా ఇటు మళ్లారు. లెమ్మీ.వరల్డ్ లాంటి సర్వర్లు ఎవరొచ్చినా అడక్కుండా ఖాతా ఇచ్చాయి, రోజుల్లోనే ఉబ్బిపోయాయి. బీహా అనే సర్వర్ పద్ధతి వేరు. అక్కడ చేరాలంటే ఎందుకు చేరుతున్నారో రాసి దరఖాస్తు పెట్టాలి, చదివాకే రానిస్తారు. మర్యాదగా మాట్లాడుకునే చోటు ఒకటి కట్టుకోవాలన్నది వాళ్ల కోరిక. దాన్ని నడిపేది నలుగురు అడ్మిన్లు, అందరూ తీరిక వేళల్లో పని చేసేవాళ్లే. పక్క సర్వర్లలో కొత్తగా చేరినవాళ్లు బీహా చర్చల్లోకి దిగి గొడవ చేస్తుంటే, ఆ నలుగురు తట్టుకోలేకపోయారు. బయటివాళ్లు ఇక్కడ చదవొచ్చు గానీ రాయకూడదు అందామంటే అలాంటి ఆప్షన్ లేదు. కొత్త ఖాతాల్ని మాత్రం ఆపుదామన్నా లేదు. అప్పటి లెమ్మీలో అడ్మిన్ చేతిలో ఉన్నది ఒకటే, తెరవడం లేదా పూర్తిగా మూసేయడం. వాళ్లు రెండు పెద్ద సర్వర్లతో సంబంధం తెంచేశారు. సరైన పనిముట్లు లేకే ఇలా చేయాల్సి వచ్చిందని బాహాటంగా రాశారు.

ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నారని వాళ్లను తిట్టినవాళ్లు చాలామంది. నేను ఆ మాట అనలేను. నలుగురు మనుషులు, నిద్ర మానుకుని, జీతం లేకుండా, వేలమంది పోస్టులు చూడాలి. ఇంట్లో ఉన్న పనిముట్టు గొడ్డలి ఒక్కటే అయితే పుల్ల విరవడానికీ దాన్నే ఎత్తుతారు. తప్పు ఎత్తినవాళ్లది కాదు.

మనకు 'వెలి' అనే మాట ఉంది. ఒకరు చేసిన పనికి ఇంటిల్లిపాదినీ వెలివేసిన ఊళ్ల సంగతి మనకు తెలుసు. నిప్పు, నీళ్లు కూడా ఇవ్వనివ్వరు. డిఫెడరేషన్ గురించి మొదట విన్నప్పుడు నాకు గుర్తొచ్చింది అదే. వందమందిలో పదిమంది చేసిన పనికి మిగతా తొంభైమంది శిక్ష అనుభవిస్తారు. అయితే ఈ పోలిక సగం దూరమే నడుస్తుంది. వెలి అనేది బలవంతుడు బలహీనుడి మీద వేసేది. ఇక్కడ చాలాసార్లు అటుది ఇటవుతుంది. మంది కలిసి వచ్చి వేధిస్తుంటే, చిన్న సర్వర్‌లో ఉన్న ట్రాన్స్ మనుషులో, నల్లజాతివాళ్లో, దళితులో తమ తలుపు తాము వేసుకుంటారు. దాన్ని వెలి అనడం అన్యాయం. అందుకే ఒక సస్పెన్షన్ సబబా కాదా అని చూసేటప్పుడు నేను ముందు అడిగేది, ఈ గోడ ఎవరిని కాపాడుతోంది, ఎవరిని బయట నిలబెడుతోంది అని.

కొన్నిచోట్ల గోడే సరైనది, అందులో నాకు సందేహం లేదు. 2019 జులైలో గ్యాబ్ అనే నెట్‌వర్క్ తన సైట్‌ను మాస్టడాన్ కోడ్ మీదకు మార్చింది. ద్వేషాన్ని పెంచి పోషించే చోటుగా అప్పటికే పేరుపడింది. అంతకు ముందు ఏడాది పిట్స్‌బర్గ్ యూదుల ప్రార్థనాలయంలో 11 మందిని చంపిన హంతకుడు, దాడికి ముందు పోస్ట్ పెట్టింది అక్కడే. మాస్టడాన్ కోడ్ అందరిదీ కాబట్టి గ్యాబ్ వాడుకోకుండా ఎవరూ ఆపలేకపోయారు. కానీ తమతో మాట్లాడకుండా ఆపగలిగారు. సర్వర్లు ఒకదాని తర్వాత ఒకటి గ్యాబ్‌ను సస్పెండ్ చేశాయి. టస్కీ లాంటి మొబైల్ యాప్‌లు గ్యాబ్ డొమైన్‌తో లాగిన్ కాకుండా చేశాయి. పైనుంచి ఆజ్ఞ లేదు, కోర్టు లేదు. ఎవరి నిర్ణయం వాళ్లు తీసుకుంటే అన్నీ కలిసి ఒక పెద్ద గోడ అయింది. పిల్లలపై లైంగిక హింస చిత్రాల విషయంలోనూ అంతే, అక్కడ మధ్య మెట్టు అనే మాటకే చోటు లేదు. 2023 జులైలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు పెద్ద సర్వర్ల పబ్లిక్ పోస్టుల్ని రెండు రోజుల పాటు జల్లెడ పడితే, సుమారు 3,25,000 పోస్టుల్లో అప్పటికే గుర్తించి జాబితాకెక్కించిన అలాంటి చిత్రాలు 112 తగిలాయి. ఇలాంటివి ఊరుకునే సర్వర్‌ను లిమిట్‌లో ఉంచి వేచిచూడటం అంటే ఆ నేరాన్ని భరించడమే.

లిమిట్ బాగా పనికొచ్చే చోటు స్పామ్. 2024 ఫిబ్రవరిలో ఫెడివర్స్‌ను పెద్ద స్పామ్ వరద ముంచెత్తింది. దాడి చేసినవాళ్లు పెద్ద సర్వర్ల జోలికి పోలేదు. ఎవరో ఉత్సాహంగా మొదలుపెట్టి ఆపైన పట్టించుకోని చిన్న చిన్న సర్వర్లను వెతికారు. ఖాతా తెరవడానికి అనుమతి అక్కర్లేదు, చూసే మోడరేటర్ లేడు. అలాంటి చోట్ల ఖాతాలు గుత్తగా తెరిచి, అక్కడి నుంచి ఊరందరి మీదా చల్లారు. ఆ సర్వర్ల యజమానులు దుర్మార్గులు కారు, మర్చిపోయినవాళ్లు. వాళ్లను లిమిట్ చేసి, మేలుకున్నాక ఎత్తేస్తే సరిపోతుంది. ఆ వెంటనే వచ్చిన 4.2.8 వెర్షన్‌లో మాస్టడాన్ ఇంకో జాగ్రత్త చేర్చింది. సర్వర్‌లో మోడరేటర్ల అలికిడే లేకపోతే, తెరిచి ఉన్న రిజిస్ట్రేషన్ దానంతటదే అనుమతి అవసరమయ్యే పద్ధతికి మారిపోతుంది. అంతకు ముందు 2023లో, మాస్టడాన్ తయారీదారులే నడిపే మాస్టడాన్.సోషల్ నుంచే క్రిప్టో స్పామ్ పోటెత్తినప్పుడు, కొన్ని సర్వర్లు ఆ అతి పెద్ద సర్వర్‌నే లిమిట్ చేశాయి. చిన్నవాడు పెద్దవాణ్ణి కొంతసేపు గుమ్మం బయట ఆగమనగలగడం, అదీ స్నేహం చెడకుండా, నాకు ఈ వ్యవస్థలో బాగా నచ్చే విషయం.

నిజానికి ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1997లో యూయూనెట్ అనే పెద్ద ఇంటర్నెట్ కంపెనీ తన నుంచి యూజ్‌నెట్ అనే పాతకాలపు చర్చావేదికల్లోకి పోతున్న స్పామ్‌ను పట్టించుకోకపోతే, మిగతావాళ్లు అక్కడి నుంచి వచ్చే పోస్టులన్నిటినీ రద్దు చేయడం మొదలుపెట్టారు. కంపెనీ కొద్ది రోజుల్లోనే దారికొచ్చింది, నిషేధం ఎత్తేశారు.

అందరూ పొరబడే ఇంకో విషయం ఉంది. సస్పెండ్ చేస్తే అవతలివాళ్లకు మనం కనిపించం అనుకుంటారు. కాదు. మీ పోస్ట్ పబ్లిక్ అయితే, సస్పెండ్ అయిన సర్వర్ కూడా దాని లింకు పట్టుకుని వచ్చి తెచ్చుకోగలదు. మూడో సర్వర్‌లో ఉన్న మీ స్నేహితుడు మీ పోస్ట్‌ను బూస్ట్ చేస్తే, అంటే తనవాళ్లకు మళ్లీ పంచితే, ఆ దారిలో వాళ్లకు లింకు చేరుతుంది. దీన్ని ఆపడానికి సెక్యూర్ మోడ్ అనే ఏర్పాటు ఉంది. అది ఆన్ చేస్తే పోస్ట్ అడిగే ప్రతి సర్వర్ తన సంతకంతో అడగాలి. సస్పెండ్ అయిన సర్వర్ సంతకం కనిపిస్తే ఇవ్వరు. దీనివల్ల సర్వర్ మీద పని భారం పెరుగుతుంది, కొన్ని పాత సాఫ్ట్‌వేర్లతో పొసగకపోవచ్చు, అందుకే చాలామంది ఆన్ చేయరు. ఆన్ చేసినా మామూలు బ్రౌజర్‌లో మీ ప్రొఫైల్ పేజీని ఎవరైనా చూడొచ్చు. వేధింపు నుంచి పారిపోయి వచ్చిన మనిషికి ఈ తేడా ప్రాణం మీదకొచ్చే విషయం. అలాంటివాళ్లు అడ్మిన్ వేసిన గోడను నమ్ముకోకూడదు. పోస్టుల్ని ఫాలోయర్లకు మాత్రమే కనిపించేలా పెట్టుకోవాలి, ఫాలోయర్లను ఒక్కొక్కరినీ చూసి ఒప్పుకోవాలి.

ఇప్పుడు అడ్మిన్లు తమ బ్లాక్ జాబితాను ఫైల్‌గా దించి ఇంకొకరికి ఇవ్వొచ్చు, ఇంకొకరిది తెచ్చి ఎక్కించుకోవచ్చు. కొత్తగా సర్వర్ పెట్టినవాళ్లకు ఇది నిజంగా పెద్ద సాయం. పేరుమోసిన దుర్మార్గపు సర్వర్లను ఒక్కొక్కటిగా దెబ్బతిని తెలుసుకోనక్కర్లేదు. కానీ చదవకుండా ఎక్కించుకుంటే, ఎప్పుడో ఇద్దరు అడ్మిన్ల మధ్య జరిగిన తగువు మీ వాడుకదారుల స్నేహాల్ని తెంచేస్తుంది.

మెటా కంపెనీ తెచ్చిన, ట్విటర్ లాంటి త్రెడ్స్ ఫెడివర్స్‌తో కలవడానికి వచ్చినప్పుడు ఈ మెట్లన్నీ ఒకేసారి పరీక్షకు నిలబడ్డాయి. 2023 జులైలో త్రెడ్స్ మొదలైంది. అంతకు ముందే, జూన్‌లోనే, వందలమంది అడ్మిన్లు దాన్ని రాగానే బ్లాక్ చేస్తామని ఉమ్మడిగా ప్రతిన పూనారు. డిసెంబరులో కొన్ని ఖాతాలతో అనుసంధానం పరీక్ష మొదలైంది. 2024 మార్చిలో అమెరికా, కెనడా, జపాన్ వాడుకదారులకు, కోరుకుంటేనే, తెరిచారు. కొన్ని సర్వర్లు సస్పెండ్ చేశాయి. మాస్టడాన్.సోషల్ తెరిచే ఉంచింది. కొన్ని లిమిట్ చేశాయి, నాకు సబబుగా అనిపించింది ఆ దారే. కోట్లమంది పోస్టులు చిన్న సర్వర్ పబ్లిక్ టైమ్‌లైన్‌లోకి పొర్లి రావు. త్రెడ్స్‌లో ఉన్న అక్కను ఫాలో కావాలనుకునే తమ్ముడికి అడ్డూ ఉండదు. మెటాతో ఏ సంబంధమూ వద్దనుకునే మనిషి తన ఖాతా వరకు ఆ డొమైన్ మొత్తాన్ని బ్లాక్ చేసుకోవచ్చు. ఆ హక్కు మాస్టడాన్ వాడే ప్రతి ఒక్కరికీ ఉంది, అందుకు అడ్మిన్ దయ అక్కర్లేదు.

తెలుగులో రాసేవాళ్లకు వీటన్నిటి మీద ఇంకో చిక్కుంది. మాస్టడాన్.సోషల్ నిబంధనల్లో ఇవాళ జాతి వివక్ష, లింగ వివక్షల పక్కనే కుల వివక్ష కూడా నిషేధమని రాసి ఉంది. చదివినప్పుడు సంతోషమేసింది. కానీ రాసి ఉండటం వేరు, గుర్తుపట్టగలగడం వేరు. మన భాషలో ఒక కులం పేరును మామూలు మాటలా వాడుతూనే తిట్టొచ్చు. ఇంటిపేరు అడిగే తీరులోనే అవమానించొచ్చు. అలాంటి పోస్ట్ మీద రిపోర్ట్ బెర్లిన్‌లోని మోడరేటర్ ముందుకు వస్తే, అనువాద యంత్రంలో వేసి చూస్తే, అందులో ఏ తప్పూ కనిపించదు. రిపోర్ట్ పెట్టేటప్పుడు అదనంగా రాసే గడి ఒకటి ఉంటుంది. అది ఖాళీగా పంపకండి. ఆ మాటకు మన దగ్గర ఏం అర్థమో, ఎవర్ని ఉద్దేశించి అన్నదో ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాయండి. ఆ మనిషి వేరే సర్వర్‌వాడైతే, రిపోర్ట్ కాపీని అక్కడి మోడరేటర్లకూ పంపాలా అని అడుగుతుంది. పంపితే వాళ్లే తమ ఇంట్లో సరిదిద్దుకునే అవకాశం ఉంటుంది, మొత్తం సర్వర్‌ను ఆపాల్సిన పని పడదు. ఆ సర్వర్ నడిపేవాళ్లే అతని స్నేహితులని అనుమానముంటే మాత్రం ఆ టిక్ తీసేయండి.